శుక్రవారం మధ్యాహ్నం ఖాళీ లేదు

ట్రాయ్, మిషిగన్. 2009 జూన్, మొదటి మంగళవారం. లంచ్ వేళ. ఆఫీసు పార్కింగ్ లాట్ చివర ఆపి ఉన్న కారులో ఇద్దరు.

"డోర్ వేసేయండి ఆంటీ. అద్దం కూడా ఎత్తండి."

"ఉక్కగా ఉంది కదే. మన తెలుగు ఇక్కడెవరికి అర్థమవుతుంది?"

"ఐటీలో ఆ కొత్తబ్బాయిది గుంటూరు. ప్లీజ్, ఎత్తండి."

"సరే, ఎత్తాను. ఈ డబ్బా పట్టుకో. పెరుగన్నం. మెత్తగా పిసికాను, నమలక్కర్లేదు. నొప్పి ఏ వైపు?"

"లెఫ్ట్. ఆంటీ, నేను తినడానికి రాలేదు."

"తింటూ చెప్పు."

"మీ జాబ్ పోతుంది."

"స్పూన్ ఇదుగో."

"విన్నారా? ఇవాళే. రెండు గంటలకి."

"విన్నాను. నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. లిండా క్యాలెండర్ నాకు కనబడుతుంది కదా. హెచ్ఆర్‌లో ఆవిడ పనులన్నీ చూసేది నేనే. రెండింటికి మీటింగ్. బ్యాక్ డోర్ పక్కన చిన్న రూమ్. ఆ రూమ్ ఎందుకో మీకు తెలుసు."

"తెలుసు."

"బ్రాడ్‌ని అక్కడినుంచే పంపేశారు. పర్చేజింగ్ బ్రాడ్. శాండ్‌విచ్ తింటుంటే ఫోన్ చేసి, ఒక్క ఐదు నిమిషాలు రా అన్నారు. వెళ్ళాడు. మళ్ళీ డెస్క్‌కి రానివ్వలేదు. సగం శాండ్‌విచ్ అలాగే ఉంది. సాయంత్రం నేనే పారేశాను."

"గుర్తుంది నాకు. అందుకే నువ్వు ముందు తిను."

"ఆ ఇన్వైట్‌లో మూడే పేర్లు. లిండా, డేవిడ్, జ్ఞానప్రసూన. అంటే హెచ్ఆర్, మీ బాస్, మీరు. ఇంకేం కావాలి?"

"నా పేరు పూర్తిగా రాసిందా? ఎనిమిదేళ్ళుగా జి.పి. అనే పిలుస్తోంది."

"నవ్వకండి."

"నవ్వడం లేదమ్మా."

"ఇంకోటి వినండి. రూములన్నీ నేనే బుక్ చేస్తాను. కిందటి నెల ఆ రూమ్‌లో అయినవన్నీ నేనే చేశాను. ఇది మాత్రం లిండా తనే చేసుకుంది. నాకు చెప్పలేదు. ఎందుకో తెలుసా? మనం ఫ్యామిలీ ఫ్రెండ్స్ అని తనకి తెలుసు. చూస్తే వెంటనే మీకు చెప్పేస్తానని."

"చెప్పేశావుగా."

"చెప్పకుండా ఎలా ఉంటాను? ఈ జాబ్ ఇప్పించింది మీరు. చలికాలంలో మా నాన్న జాబ్ పోయినప్పుడు రోజూ ఇంటికి వచ్చి మా అమ్మతో కూర్చుంది మీరు."

"మీ అమ్మ ఉషే నాతో కూర్చుందనుకో. అయినా చెప్పకూడదు దేదీప్యా. లిండా క్యాలెండర్‌లో చూసింది లిండా క్యాలెండర్‌లోనే ఉండాలి. నువ్వు చేరిన రోజే చెప్పాను. మన పనిలో ఫోన్లూ టైపింగూ ఎవరైనా నేర్చుకుంటారు. చూసింది చూడనట్టు ముఖం పెట్టుకుని కూర్చోవడం, అదీ కష్టం."

"ఇప్పుడు లెక్చరా?"

"తినమంటే తినవు. మరేం చెయ్యను?"

"తింటున్నాను. చూడండి. ఆంటీ, కారణం మీకు తెలుసు. ఆ హోల్డ్స్."

"ఏ హోల్డ్స్?"

"ఆంటీ, ప్లీజ్. డేవిడ్ క్యాలెండర్‌లో రోజూ గంటన్నర, ఎవరూ మీటింగ్ పెట్టకుండా ఆపేసి. హోల్డ్ అని ఉంటుంది, ఇంకేం ఉండదు. ఒక వైస్ ప్రెసిడెంట్ రోజూ గంటన్నర ఏం చేస్తున్నాడు అని ఖర్చులు తగ్గించడానికి వచ్చిన కన్సల్టెంట్లు అడుగుతున్నారు. అదీ రోజుకో టైమ్‌లో. ఒకతను దానికి చార్ట్ కూడా వేశాడు, రంగులు పెట్టి. ప్యాటర్న్ అర్థం కాక జుట్టు పీక్కుంటున్నాడు. నాకు చూడగానే అర్థమైంది."

"ఏమర్థమైంది?"

"మా అమ్మ ఫ్రిజ్ మీద క్యాలెండర్‌లో ఉంటుంది అది. రోజుకో టైమ్. నాకు టైములు గుర్తుండవు కానీ, అది అదే."

"ఉష ఇంకా ఆ క్యాలెండర్ పెడుతోందా? గుళ్ళో ఇచ్చినదేనా?"

"టాపిక్ మార్చొద్దు. మీరు ఒక అమెరికన్ వైస్ ప్రెసిడెంట్‌కి రాహుకాలం పెట్టారు. ఎనిమిదేళ్ళు. ఆయనకి చెప్పకుండా."

"పెట్టాలని పెట్టలేదు."

"మరి?"

"ఆయన ఒహాయో నుంచి వచ్చిన మొదటి వారం. పెద్ద కస్టమర్లు వస్తున్నారు, బ్రేక్ పార్టుల కాంట్రాక్ట్. టైమ్ పెట్టింది నేనే. పెట్టాక చూసుకున్నాను, సరిగ్గా రాహుకాలంలో పడింది. కొత్త ఉద్యోగం, నోరు మెదపలేదు. కాంట్రాక్ట్ పోయింది. ప్లాంట్‌లో రెండో షిఫ్ట్ తీసేశారు. తరవాత వారం నుంచి చెయ్యి దానంతటదే ఆ గంటన్నరా పక్కన పెట్టేది. ఆయనకి ఏ టైమైనా ఒకటే. నాకు కాదుగా. మా అమ్మ రాహుకాలంలో కొత్త చీర మడత కూడా విప్పనిచ్చేది కాదు."

"నిజంగా నమ్ముతారా మీరు?"

"నమ్మకమో అలవాటో. కానీ తరవాత్తరవాత అది ఇంకోలా పనికొచ్చింది. ఆ టైమ్‌లో ఆయన కాస్త అన్నం... అదే, లంచ్ తినేవాడు. కూతురికి ఫోన్ చేసుకునేవాడు. ప్లాంట్ నుంచి ఎవరో ఒకరు టోపీ చేత్తో పట్టుకుని వచ్చి నిలబడేవారు, అపాయింట్‌మెంట్ లేకుండా. లోపలికి పంపేసేదాన్ని. మంచి టైములన్నీ పెద్దవాళ్ళు బుక్ చేసేసుకుంటారు కదా. వీళ్ళకి చెడ్డ టైమే మిగిలేది."

"అదే చెప్పండి. పర్ఫెక్ట్. ఓపెన్ డోర్ టైమ్ అనండి. డేవిడ్ పెట్టమన్నారు, నేను పెట్టాను. అంతే."

"డేవిడ్ పెట్టమనలేదు."

"ఆయన సెప్టెంబర్‌లో రిటైర్ అవుతున్నారు. ఆయనకి ఏం కాదు. మీకు అవుతుంది. అంకుల్‌కి స్టెంట్ వేసి ఎన్ని నెలలైంది? అంకుల్ మీ ఇన్సూరెన్స్ మీద ఉన్నారు. మీకు అబద్ధం చెప్పడం రాకపోతే నేను నేర్పిస్తాను. ఇంకా టైమ్ ఉంది. ప్రాక్టీస్ చేద్దాం. నేను లిండా."

"నువ్వు లిండావి కాలేవు. నీకు అంత పొడుగు గోళ్ళు లేవు."

"'జి.పి., డేవిడ్ క్యాలెండర్‌లో ఈ హోల్డ్స్ ఏంటి?'"

"రాహుకాలం."

"నో. అలా అనొద్దు. 'డేవిడ్ రిక్వెస్ట్ చేశారు' అనండి."

"చెప్పేశానే తల్లీ. డేవిడ్‌కి రెండు వారాల కిందటే చెప్పాను. కన్సల్టెంట్లు అడుగుతున్నారని తెలిశాక, ఆయన ఎవరి నోటో వినకూడదని."

"మొత్తం చెప్పారా? రాహువు, పాము, అంతా?"

"పాము దాకా వెళ్ళలేదు."

"ఏమన్నారు?"

"'మంగళవారం ఎప్పుడు?' అన్నాడు. మూడింటికి అన్నాను. 'అయితే ఇకమీదట బడ్జెట్ మీటింగులన్నీ అందులోనే పెట్టు, ఎలాగూ అవి బాగుపడవు' అన్నాడు. లిండాకి కూడా తనే చెప్పాడు. ఏం పరవాలేదు, ఉంచండి అన్నాడు."

"అది డేవిడ్. డేవిడ్ నవ్వుతారు. లిండా నవ్వదు. శుక్రవారం మీరు చేసింది మర్చిపోయారా?"

"ఏం చేశాను?"

"ఈ మీటింగ్ అసలు శుక్రవారం కదా. మిగతా రోజంతా డేవిడ్‌కి ఖాళీ లేదు, లిండా రెండింటికి పెట్టబోతే అక్కడ హోల్డ్ ఉంది. మీకు ఫోన్ చేసి తియ్యమంది. నేను పక్కనే ఉన్నాను. మీరు తియ్యనన్నారు. ఆవిడ మెడ మొత్తం రెడ్ అయిపోయింది. నిన్న డేవిడ్ ప్లాంట్‌లో ఉన్నారు, అందుకని ఇవాళ్టికి వచ్చింది. మీ మీటింగ్ మీరే ఆపారు ఆంటీ, మీకు తెలియకుండా. దాంతో ఆవిడకి ఇంకా కోపం."

"ఆ మీటింగే. అవును."

"'జి.పి., శుక్రవారం హోల్డ్ ఎందుకు తియ్యలేదు?'"

"డబ్బా మూత ఎక్కడ పెట్టావు?"

"ఆంటీ, చెప్పండి. లిండా అడుగుతుంది. ఇదే అడుగుతుంది."

"అది అడిగితే ఏం చెప్పాలో ఇంకా ఆలోచించుకోలేదు."

"చూశారా. నేను చెప్పాను తనకి."

"ఏం చెప్పావు?"

"ఫోన్ పెట్టేశాక నాతో అంది, ఈవిడకేం పట్టుదల అని. నేను అన్నాను, అది ఆవిడ రెలిజియన్, ఆ టైమ్ మంచిది కాదు, ప్రతిరోజూ ఒక టైమ్ ఉంటుంది, దాన్ని రెస్పెక్ట్ చెయ్యాలి అని. గట్టిగానే అన్నాను. రెలిజియన్ అనేసరికి ఆగిపోయింది."

"నువ్వు అన్నావా? లిండాతో?"

"ఎందుకలా చూస్తున్నారు? తప్పా?"

"కాదు. ఏం కాదు. నీళ్ళు తాగు. పదో తారీకు పన్ను తీయించుకోవాలి కదూ?"

"క్యాన్సిల్ చేద్దామనుకుంటున్నాను. మీరు వెళ్ళిపోతే ఫ్రంట్ డెస్క్ ఎవరు కవర్ చేస్తారు?"

"క్యాన్సిల్ చెయ్యొద్దు. విన్నావా? ఏం జరిగినా సరే, వెళ్ళు. కళ్ళజోడు కూడా ఈ నెలలోనే చేయించుకో. జూలైకి పెట్టుకోకు."

"మీ జాబ్ పోతుంటే నా కళ్ళజోడు ఏంటి?"

"ఒంటివైపు నములుతూ ఎన్నాళ్ళు తిరుగుతావు? మాట ఇవ్వు."

"ఓకే. వెళ్తాను. ఓకే. ఫోన్... లిండా. లంచ్‌లో ఎందుకు చేస్తోంది?"

"పర్సులో పెట్టేసెయ్. ఇది నీ లంచ్ టైమ్. ఇంకా నాలుగు ముద్దలున్నాయి."

"మీరే కదా ఫోన్ ఎత్తకపోతే అడ్మిన్ కాదు అంటారు."

"అన్నం ముందు కూర్చున్నప్పుడు కాదు. తిను."

"తింటున్నాను ఆంటీ."

"డేవిడ్ రెకమెండేషన్ రాశాడా నీకు?"

"గురువారం రాశారు. చాలా బాగా రాశారు. కానీ ఎంబీఏ కోసమని మీరెందుకు చెప్పారు? నేను ఎంబీఏ చెయ్యను అన్నాను కదా."

"చెయ్యకపోతే దాచుకో. బాస్ కుర్చీలో ఉండగానే రాయించుకోవాలి. రిటైర్ అయ్యాక ఎక్కడని వెతుకుతావు? నీ ఫొటోలు, రెజ్యూమే, అవన్నీ ఆఫీస్ కంప్యూటర్‌లోంచి తీసుకున్నావా? వారం నుంచి చెబుతున్నాను."

"తీసుకున్నాను. వైరస్ వస్తోందని భయపెట్టారు కదా. రాలేదు కూడా."

"రాకపోతే మంచిదే."

"ఒక్క నిమిషం."

"తిను."

"ఒక్క నిమిషం ఆంటీ. వారం నుంచి ఇవన్నీ చేయిస్తున్నారు. నా డెస్క్ మీద కరివేపాకు మొక్క కూడా మీ ఇంటికి తీసుకెళ్ళారు."

"ఏసీ గాలికి ఆకులు రాలిపోతున్నాయని. మా సన్‌రూమ్‌లో చక్కగా ఉంది. చిగురేసింది."

"మీకు ముందే తెలుసు. మీకు తెలుసు కదా ఇవాళ ఇది ఉందని. అందుకే మీరు అన్నీ సర్దుతున్నారు. మొక్క కూడా తీసుకెళ్ళిపోయారు."

"మొక్క నాది కాదుగా అమ్మా. డబ్బా ఇలా ఇవ్వు. ఒలుకుతుంది."

"మళ్ళీ లిండా. వాయిస్‌మెయిల్ పెట్టింది. ఉండండి. ఐదు నిమిషాలు రమ్మంటోంది."

"ఎక్కడికి?"

"చిన్న రూమ్‌కి. నన్నెందుకు? నోట్స్ రాయడానికా? మీ మీటింగ్‌కి నన్ను నోట్స్ రాయమంటే నేను రాయను. చెప్పేస్తాను లిండాకి."

"దేదీప్యా. బ్రాడ్‌ది ఇన్వైట్ పంపింది నువ్వేగా?"

"నేనే."

"అందులో బ్రాడ్ పేరు పెట్టావా?"

"లేదు. వెళ్ళేవాళ్ళ పేరు పెట్టకూడదు. లిండా రూల్. వాళ్ళని ఫోన్ చేసి పిలుస్తారు. ఇన్వైట్‌లో హెచ్ఆర్, పెద్ద బాస్, ఇంకా వాళ్ళ సూపర్‌వైజర్."

"ఇవాళ్టి దాంట్లో నా పేరు ఉందన్నావు."

"ఉంది."

"మన ఫ్లోర్‌లో అడ్మిన్లందరికీ సూపర్‌వైజర్ ఎవరు?"

"మీరు."

"ఊఁ."

"అందుకే రూమ్ తనే బుక్ చేసుకుంది."

"అవునమ్మా."

"నాతో బుక్ చేయించలేక."

"ఆ మాత్రం మనసు ఉంది లిండాకి."

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

"కిందటి బుధవారం నుంచి."

"బుధవారం. గురువారం మనం కలిసి తిన్నాం. శుక్రవారం తిన్నాం. ఆదివారం మా ఇంటికి వచ్చి మా అమ్మ చేతి ఇడ్లీ తిన్నారు."

"తిన్నాను."

"ఆ ముఖం పెట్టుకుని."

"ఆ ముఖమే పెట్టుకుని. ఉష ఇంకొకటి వేస్తే అదీ తిన్నాను."

"నేను ఇక్కడ కూర్చుని మీకు అబద్ధం నేర్పిస్తున్నాను. లిండాలా యాక్ట్ చేశాను. మీరు చూస్తూ కూర్చున్నారు."

"ఇందాకే చెబితే నీకు ఓ అరగంట ముందు తెలిసేది. అన్నం తినేదానివి కాదు."

"లిండాతో మాట్లాడారా? కనీసం అడిగారా?"

"అడిగాను. అడ్మిన్లలో ఒకరిని తగ్గించాలట. ఆఖరున చేరినవాళ్ళని. నన్ను సగం రోజుకి పెట్టుకుని నిన్ను ఉంచమన్నాను. సగం రోజైతే మీ ఆయనకి ఇన్సూరెన్స్ రాదు జి.పి., అంది. నాకంటే ముందు తనకే గుర్తొచ్చింది అది. డేవిడ్ పైవాళ్ళకి రాశాడు. కుదరదన్నారు."

"ఓకే."

"నా వల్ల అయింది ఒక్కటే."

"ఏంటి?"

"శుక్రవారం అయ్యుంటే అది మే నెల. నీ ఇన్సూరెన్స్ ఆదివారంతో పోయేది. నెల మారాక పంపిస్తే, ఆ నెలాఖరు దాకా ఉంచాలి. ఈ నెలంతా నీకుంది. పన్ను తీయించుకో. కళ్ళజోడు చేయించుకో. ఏడిస్తే ఏడువు, కానీ వెళ్ళు. ఇప్పుడు ముఖం తుడుచుకో. లోపల నీ పక్క కుర్చీలో నేనుంటాను. వెనక డోర్‌లోంచి నిన్ను ఒక్కదాన్నే పంపను."

"మా అమ్మకి చెప్పాలి. హోల్డ్ వల్ల... మా అమ్మ రాహుకాలం అంటే నేను నవ్వేదాన్ని. ఇప్పుడు చూడండి. రాహుకాలం వల్ల నాకు నెల రోజులు ఇన్సూరెన్స్."

"శుక్రవారం రాహుకాలం పొద్దున పూటే అయిపోతుందమ్మా. రెండింటి హోల్డ్ బుధవారం నేను పెట్టింది."